కొయ్యకాడి మోసిన ప్రవక్త – యిర్మీయా



ఒకే దేవాలయము, ఒకే దినము. ఇద్దరు మనుష్యులు జనులయెదుట నిలిచిరి. ఇద్దరును యెహోవా నామమునే పలికిరి. రెండు సంవత్సరములలో మన కష్టము తీరునని ఒకడు చెప్పెను. అట్లు కాదు, చాలకాలము పట్టునని మరియొకడు చెప్పెను. ఇద్దరి మాటలును నిజము కానేరవు. ఆ దినమున అక్కడ వినుచుండిన యాజకులకును సామాన్యజనులకును ఎవరు నిజమైన ప్రవక్తయో ఎట్లు తెలియవలెను?

ఇది పాత సంగతియే గాని పాతబడిన సంగతి కాదు. దేవుడు నాతో మాటలాడెనని చెప్పుచు మన గ్రామములకును అనేకులు వచ్చుచుందురు. వారిలో దేవుడు పంపినవారు కలరు, తమంతట తామే వచ్చినవారును కలరు. మన సంఘములలో చదువు వచ్చినవారు కొందరు, రానివారు కొందరు. ఎవరైనను మోసపోవచ్చును. కాబట్టి ఆ దినమున సత్యము పలికిన యిర్మీయా జీవితమును ఈ నెల మనము మొదటినుండి ధ్యానింతము.

అనాతోతు యాజకుని కుమారుడు

యెరూషలేమునకు ఈశాన్యముగా సుమారు 5 కిలోమీటర్ల దూరములో అనాతోతు అను ఊరుండెను. అది బెన్యామీను దేశములో యాజకులకియ్యబడిన ఊరు. సొలొమోను రాజు అబ్యాతారు అను యాజకుని పనినుండి తొలగించి పంపివేసినది ఆ ఊరికే. అక్కడి యాజకులలో హిల్కీయా అనువాని కుమారుడు యిర్మీయా. యోషీయా రాజు ఏలుబడిలో 13వ సంవత్సరమున, అనగా క్రీ.పూ. 627 ప్రాంతమున, దేవుని పిలుపు అతనికి వచ్చెను.

ఆ పిలుపు విని అతడు సంతోషముతో పరుగెత్తలేదు. తాను బాలుడననియు, మాటలాడ చేతకాదనియు చెప్పి వెనుకకు జంకెను. ప్రవక్త అనిపించుకొనవలెనను ఆశ అతనికి లేదు. దేవుడే అతని నోటిని ముట్టి, భయపడవద్దని చెప్పి, పంపెను.

ఆ పనికొరకు అతడు చెల్లించిన వెల చాల గొప్పది. దేవుని ఆజ్ఞచొప్పున అతడు పెండ్లి చేసికొనలేదు. విందు జరుగు ఇంటికి గాని, దుఃఖపడు ఇంటికి గాని పోకూడదని అతనికి సెలవాయెను. పల్లెలో కాపురమున్న మనకు దీని అర్థము తెలియును. పెండ్లికిని రాక, చావుకును రాక యుండువానిని ఊరు ఏమనుకొనును? అతని స్వగ్రామస్థులే అతని ప్రాణము తీయుటకు ఆలోచన చేసిరి. అతని స్వంత సహోదరులును అతనికి ద్రోహము చేసిరి.

దేవాలయపు ఆవరణములో పలికిన మాట

యోషీయా మంచి రాజు. క్రీ.పూ. 622 ప్రాంతమున దేవాలయమును బాగుచేయుచుండగా ధర్మశాస్త్ర గ్రంథము దొరికెను. రాజు దానిని విని బట్టలు చింపుకొని, దేశమునుండి విగ్రహములను తీసివేయించెను. అయితే క్రీ.పూ. 609లో అతడు మెగిద్దోలో ఐగుప్తు రాజైన ఫరోనెకో చేత చనిపోయెను. కొలది నెలలలో ఫరో యెహోయాకీమును సింహాసనముమీద కూర్చుండబెట్టెను. తండ్రి భక్తి కుమారునికి లేకపోయెను. విగ్రహములు తిరిగి వచ్చెను.

జనులు మాత్రము ధైర్యముగానే యుండిరి. మన మధ్య దేవాలయమున్నది గనుక ఈ పట్టణమునకు కీడు రాదని వారనుకొనిరి. యెహోయాకీము ఏలుబడి ఆరంభమున యిర్మీయా దేవాలయపు ఆవరణములో నిలిచి ఆ ధైర్యము వట్టిదని చెప్పెను. దొంగతనము, వ్యభిచారము, అబద్ధ సాక్ష్యము విడువక, పరదేశిని, తండ్రిలేనివానిని, విధవరాలిని బాధించుచు, దేవాలయమును నమ్ముకొనుట వ్యర్థమని చెప్పెను. పూర్వము షిలోహులోనున్న మందిరమునకు ఏమి జరిగెనో పోయి చూడుడనెను.

ఆ మాటకు యాజకులును, ఇతర ప్రవక్తలును, జనులును అతని పట్టుకొని చంపవలెనని కేకలు వేసిరి. అప్పుడు దేశపు పెద్దలలో కొందరు లేచి ఒక పాత సంగతి జ్ఞాపకము చేసిరి. సుమారు నూరు సంవత్సరములకు పూర్వము, హిజ్కియా దినములలో, మోరష్తీయుడైన మీకాయు యెరూషలేము పాడగునని ప్రవచించెను. హిజ్కియా అతని చంపలేదు. దేవునికి భయపడి వేడుకొనెను. కీడు తొలగెను.

ఇక్కడ మనము నిలిచి ఆలోచింపవలెను. ఆ కాలమున యెరూషలేము పాడు కాలేదు. అంత మాత్రముచేత మీకా అబద్ధ ప్రవక్త అయ్యెనా? కాలేదు. ఏలయనగా ప్రవచనము జోస్యము కాదు. జోస్యము చెప్పువాడు రేపు ఏమి జరుగునో చెప్పి దక్షిణ పుచ్చుకొని పోవును. ప్రవక్త రేపటి సంగతి చెప్పునది ఈ దినమున మనము మారవలెననియే. మనము మారినయెడల అతడు చెప్పిన కీడు రాకపోవచ్చును. అందుకు నిజమైన ప్రవక్త సంతోషించునే గాని సిగ్గుపడడు.

షాఫాను కుమారుడైన అహీకాము సహాయముచేత యిర్మీయా బ్రదికెను. అదే మాట పలికిన ఊరియా అను మరియొక ప్రవక్త ఐగుప్తునకు పారిపోగా, రాజు మనుష్యులను పంపి పట్టి తెప్పించి కత్తితో చంపించెను. నిజము పలికినవారందరును తప్పించుకొనలేదు.

నిప్పులలో పడిన గ్రంథము

క్రీ.పూ. 605లో బబులోను రాజైన నెబుకద్రెజరు కర్కెమీషునొద్ద ఐగుప్తు సైన్యమును ఓడించెను. ఆ సంవత్సరముననే యిర్మీయా తన ప్రవచనములను చెప్పుచుండగా నేరీయా కుమారుడైన బారూకు పుస్తకపుచుట్టలో వ్రాసెను. మరుసటి సంవత్సరము చలికాలమున అది రాజునెదుట చదువబడెను. రాజు నిప్పుల కుంపటి యెదుట కూర్చుండి, చదివిన భాగమును చదివినట్లే చాకుతో కోయించి నిప్పులలో వేయించెను. కాల్చవద్దని ముగ్గురు అధిపతులు బ్రతిమాలిరి. వారిలో షాఫాను కుమారుడైన గెమర్యా ఒకడు. 1982లో యెరూషలేములోని దావీదు పురమున త్రవ్వకములు జరుగగా ఆ పేరును, ఆ తండ్రి పేరును గల మట్టి ముద్ర దొరికెను. అది ఈ గెమర్యాదేయని అనేక పండితులు తలంచుచున్నారు.

చుట్ట కాలిపోయెను గాని మాట కాలిపోలేదు. యిర్మీయా తిరిగి చెప్పెను, బారూకు తిరిగి వ్రాసెను, ఇంకను కొన్ని మాటలు దానికి కలుపబడెను.

కాడి మోసిన దినములు

యెహోయాకీము బబులోనుమీద తిరుగబడెను. క్రీ.పూ. 597లో బబులోను సైన్యము యెరూషలేమును పట్టుకొనెను. అప్పటికి యెహోయాకీము చనిపోయి, అతని కుమారుడైన యెకొన్యా మూడు నెలలనుండి రాజుగా నుండెను. బబులోనువారు ఆ రాజును, పనివారిని, కంసాలివారిని చెరపట్టుకొనిపోయిరి. దేవాలయపు పాత్రలును పోయెను. సిద్కియా రాజుగా నియమింపబడెను. ఇది బైబిలు మాత్రమే చెప్పు సంగతి కాదు. ఆ ముట్టడినిగూర్చి బబులోనువారే వ్రాసిన మట్టి పలక ఒకటి లండనులోని బ్రిటిషు మ్యూజియములో ఉన్నది. 1956లో అది ప్రచురింపబడెను.

ఆ పలకలోనే మరియొక సంగతి కలదు. క్రీ.పూ. 595-594లో నెబుకద్రెజరు స్వదేశములోనే తిరుగుబాటు పుట్టెను. ఆ కాలముననే ఎదోము, మోయాబు, అమ్మోను, తూరు, సీదోను రాజుల దూతలు యెరూషలేమునకు వచ్చిరి. అందరును కూడి బబులోను కాడి విరుగగొట్టుదమను ఆలోచన వారిదని తోచుచున్నది. కాలము అనుకూలముగా కనబడెను. జనుల మనస్సు పొంగెను.

అప్పుడు దేవుడు యిర్మీయాకు ఒక వింత పని చెప్పెను. ఎద్దు మెడమీద వేయు కాడివలె కొయ్యను, పలుపులను చేసి తన మెడమీద వేసికొనుమనెను. ఆ కాడితోనే అతడు ఆ దూతలకును, సిద్కియాకును, యాజకులకును సందేశమిచ్చెను. బబులోను రాజు కాడి క్రింద మెడ వంచి బ్రదుకుడి, ఇది మన పాపమునకు దేవుడిచ్చిన శిక్ష, దీనిని తప్పించుకొనజూచినయెడల పట్టణము పాడగును అని దాని భావము.

ఆ సంవత్సరము అయిదవ నెలలో హనన్యా అను ప్రవక్త ముందుకు వచ్చెను. అతడు అజ్జూరు కుమారుడు, గిబియోను వాడు. గిబియోను కూడ బెన్యామీను దేశములోనిదే, అదియు యాజకులకియ్యబడిన ఊరే. యెహోషువ గ్రంథములో ఆ రెండు ఊళ్ల పేర్లును పక్కపక్క వచనములలోనే కనబడును. కాబట్టి ఊరును చూచి, దేశమును చూచి ఇద్దరిని వేరుపరచుటకు వీలులేదు. హనన్యాయు యెహోవా పేరనే పలికెను. రెండు సంవత్సరములలోగా దేవాలయపు పాత్రలును, యెకొన్యా రాజును, చెరపోయినవారందరును తిరిగి వత్తురనియు, బబులోను కాడి విరుగుననియు చెప్పెను.

అక్కడ నిలిచిన తల్లిని తలంచుకొనుడి. ఆమె కుమారుడు మూడు నాలుగు సంవత్సరములనుండి బబులోనులో ఉన్నాడు. ఇంకను రెండు సంవత్సరములే అని వినినప్పుడు ఆమె మనస్సు ఎట్లుండును? ఆమె ఎవరి మాట నమ్మును?

యిర్మీయా ఏమి చేసెనో చూడుడి. అతడు కోపపడలేదు. జనులందరు వినుచుండగా ఆమేన్ అనెను. నీవు చెప్పినట్లే యెహోవా చేయును గాక అని కోరెను. ఇది ఎగతాళి కాదని మనము తలంపవచ్చును, ఏలయనగా చెరపోయినవారు తిరిగి రావలెననియు, పాత్రలు తిరిగి రావలెననియు కోరుట తప్పు కాదు. అతడును తన జనులను ప్రేమించినవాడే. వారి నిమిత్తము రాత్రింబగళ్లు కన్నీరు విడిచినవాడే. అయితే తన కోరిక వేరు, దేవుని మాట వేరు అని అతడెరుగును. కనుక ఒక్క సంగతి మాత్రము చేర్చెను. పూర్వపు ప్రవక్తలు యుద్ధమును, కరవును, తెగులును ముందుగా తెలిపి జనులను హెచ్చరించిరి. సమాధానము కలుగునని చెప్పువాని మాట నెరవేరినప్పుడే దేవుడు అతని పంపెనని తెలియును.

అప్పుడు హనన్యా యిర్మీయా మెడమీదనున్న కాడిని తీసి విరిచివేసెను. జనులు కొయ్య విరిగిన శబ్దము వినిరి. యిర్మీయా ఏమియు చెప్పక తన దారిని వెళ్లిపోయెను.

చదువరులారా, ఈ వెళ్లిపోవుటను మనము తరచుగా గమనింపము. ఆ నిమిషమున అతనికి క్రొత్తగా దేవుని మాట రాలేదు. రాని మాటను వచ్చినట్లు అతడు పలుకలేదు. జనులయెదుట ఓడిపోయినట్లు కనబడినను సరే అనుకొని ఇంటికి పోయెను. కొంతకాలమునకు దేవుని మాట వచ్చెను. అప్పుడే తిరిగి హనన్యాయొద్దకు పోయెను. నీవు కొయ్యకాడి విరిచితివి, దానికి బదులు ఇనుపకాడి వచ్చునని చెప్పెను. కొయ్యకాడి క్రింద ఎద్దు మెడ కాయకాచును, ఇనుపకాడి క్రింద మెడయే విరుగును. దేవుడు పంపకయే వచ్చి జనులు అబద్ధమును నమ్మునట్లు చేసితివి గనుక ఈ సంవత్సరముననే మరణమగుదువనియు అతనికి చెప్పెను. ఏడవ నెలలో హనన్యా చనిపోయెను. రెండు సంవత్సరములు గడచెను. పాత్రలు రాలేదు, రాజు రాలేదు, ఆ తల్లి కుమారుడును రాలేదు.

చెరలోనివారికి ఉత్తరము

చెరలోనున్నవారి మధ్యను ఇట్టి ప్రవక్తలే లేచిరి. అహాబు, సిద్కియా అను ఇద్దరు దేవుని పేర అబద్ధములు పలుకుచు, పొరుగువారి భార్యలతో వ్యభిచరించుచుండిరి. యిర్మీయా చెరలోనివారికి ఉత్తరము వ్రాసెను. ఇండ్లు కట్టుకొనుడి, తోటలు నాటుడి, పిల్లలకు పెండ్లిండ్లు చేయుడి, మీరున్న పట్టణపు క్షేమముకొరకు ప్రార్థించుడి అని చెప్పెను. బబులోనుకు డెబ్బది సంవత్సరములు గడచిన తరువాత దేవుడు మిమ్మును దర్శించి తిరిగి రప్పించునని తెలిపెను. పెద్దవాండ్లకు తాము బ్రదికియుండగా తిరిగి రామని ఆ మాటవలన తెలిసెను. అయినను వారి పిల్లలు తోటల ఫలములు తినిరి. రెండు సంవత్సరముల మాట నమ్మినవాడు ఇల్లును కట్టడు, విత్తనమును వేయడు. మూట కట్టుకొని వాకిట కూర్చుండును.

ఆ ఉత్తరము విని షెమయా అనువాడు యిర్మీయాను బొండలో వేయవలెనని యెరూషలేము యాజకునికి వ్రాసెను. బొండ యిర్మీయాకు క్రొత్త కాదు. అంతకుమునుపే పషూరు అను యాజకుడు అతని కొట్టించి ఒక రాత్రి బొండలో ఉంచెను. అతడు బాధపడలేదని అనుకొనవద్దు. ఇక పలుకననుకొనెను. తాను పుట్టిన దినమును శపించుకొనెను. అయితే పలుకకున్నయెడల మాట లోపల అగ్నివలె మండుచుండగా ఓర్చుకొనలేకపోయెను.

గోతిలో

సిద్కియా తుదకు బబులోనుమీద తిరుగబడెను. క్రీ.పూ. 588లో ముట్టడి ఆరంభమాయెను. కోటలుగల పట్టణములలో లాకీషు, అజేకా అను రెండు మాత్రమే మిగిలినవని యిర్మీయా గ్రంథము చెప్పుచున్నది. 1935లో లాకీషు శిథిలములలో సిరాతో వ్రాసిన కుండపెంకులు దొరికెను. అజేకా గురుతులు కనబడుట లేదు, లాకీషు గురుతులకొరకు కనిపెట్టుచున్నాము అని ఒక పెంకుమీద ఒక సైనికాధికారికి వ్రాసియున్నది.

నడుమ ఐగుప్తు సైన్యము వచ్చుచున్నదని విని బబులోనువారు కొంతకాలము ముట్టడి విడిచిరి. జనులు సంతోషించి, అంతకుమునుపు భయపడి విడిచిపెట్టిన తమ దాసులను తిరిగి పట్టుకొని దాసులనుగా చేసికొనిరి. కల్దీయులు తిరిగి వత్తురని యిర్మీయా చెప్పెను. తన దేశమునకు పోవుచుండగా బెన్యామీను గుమ్మమునొద్ద అతని పట్టుకొని, శత్రువులలో చేరబోవుచున్నావని కొట్టి, చెరలో వేసిరి. తరువాత కొందరు అధిపతులు అతనిని మల్కీయా గోతిలోనికి త్రాళ్లతో దింపిరి. అందులో నీళ్లు లేవు, బురద మాత్రమే యుండెను. అతడు బురదలో దిగబడెను. ఆ అధిపతులలో షెలెమ్యా కుమారుడైన యూకలు, పషూరు కుమారుడైన గెదల్యా అను ఇద్దరి పేర్లు గల మట్టి ముద్రలు 2005లోను 2008లోను యెరూషలేములో దొరికినవి. వారి ముద్రలు మట్టిలో నిలిచెను, వారు త్రోసివేసిన మాట లోకమంతట నిలిచెను.

అతని రక్షించినవాడు ఎబెద్మెలెకు అను కూషీయుడు, పరదేశి, రాజగృహపు సేవకుడు. అతడు రాజును వేడుకొని, ముప్పదిమందిని తీసికొనిపోయి, చంకల క్రింద పెట్టుకొనుటకు పాత చింకిబట్టలు దింపి, ప్రవక్తను పైకి లాగెను. యెరూషలేము అధిపతులకు తెలియని నిజము ఒక పరదేశికి తెలిసెను.

ముట్టడి దినములలోనే, యిర్మీయా బందీగృహశాలలో నుండగా, హనమేలు అను పినతండ్రి కుమారుడు వచ్చి అనాతోతులోని పొలము కొనుమని అడిగెను. ఆ భూమి అప్పటికే శత్రువుల చేతిలో ఉన్నది. అయినను దేవుని సెలవుచొప్పున యిర్మీయా 17 తులముల వెండి తూచి ఇచ్చెను. నేటి తూకములో అది 200 గ్రాములకు కొంచెము తక్కువ. సాక్షులయెదుట క్రయపత్రము వ్రాయించి, ముద్రవేసి, చాలకాలము నిలుచునట్లు మట్టికుండలో పెట్టించెను. ఈ దేశములో ఇండ్లును పొలములును తిరిగి కొనబడునని దాని భావము. జనులు ధైర్యముగానున్నప్పుడు హెచ్చరించినవాడు, జనులు అధైర్యపడినప్పుడు నిరీక్షణ చూపెను. ఎప్పుడును భయపెట్టువాడే నిజమైన ప్రవక్త అనుకొనుటయు పొరపాటే.

పది దినములు

పట్టణము పడిపోయెను, దేవాలయము కాలిపోయెను. అది క్రీ.పూ. 587 లేక 586లో జరిగెను. బబులోనువారు యిర్మీయాను విడిచిపెట్టి, తమతో వచ్చినయెడల బాగుగా చూచుకొందుమని చెప్పినను, అతడు మిగిలిన బీదలతో మిస్పాలో నిలిచెను. అధిపతియైన గెదల్యా చంపబడిన తరువాత ఆ జనులు భయపడి ఐగుప్తునకు పోజూచిరి. దేవుడేమి చెప్పునో అడుగుమని, మేలైనను కీడైనను విందుమని, యిర్మీయాను వేడుకొనిరి. అతడు వెంటనే జవాబు చెప్పలేదు. పది దినములు కనిపెట్టెను. నలువది సంవత్సరములు ప్రవక్తగానుండినవాడు దేవుని మాట వచ్చువరకు పది దినములు నోరు తెరువకుండెను. మాట వచ్చినప్పుడు ఐగుప్తునకు పోవద్దని చెప్పెను. నీవు అబద్ధమాడుచున్నావని వారు చెప్పి, అతనిని కూడ తీసికొని ఐగుప్తునకు పోయిరి. అక్కడ తహపనేసులో అతడు ఇంకను పలికెను. అతని మరణమునుగూర్చి బైబిలు ఏమియు చెప్పదు.

క్రీ.పూ. 539లో పారసీక రాజైన కోరెషు బబులోనును పట్టుకొనెను. యూదులు తిరిగి రాసాగిరి. పాత్రలును తిరిగి వచ్చెను. హనన్యా చెప్పిన రెండు సంవత్సరములకు కాదు, దేవుడు చెప్పిన కాలమునకే.

మనము నేర్చుకొనవలసినది

మొదటిది. ఈ మాట నన్ను ఎటు త్రిప్పుచున్నది? పాపము విడిచి దేవునివైపు తిరుగుమనుచున్నదా, లేక నేనున్నట్లే ఉండి ధైర్యముగా నుండుమనుచున్నదా? చెప్పిన గురుతు నెరవేరినను, అన్యదేవతలవైపు త్రిప్పువానిని వినవద్దని ద్వితీయోపదేశకాండము 13వ అధ్యాయము హెచ్చరించుచున్నది. చెప్పినది జరుగనియెడల అది దేవుని మాట కాదని అదే గ్రంథము 18వ అధ్యాయమున ఉన్నది.

రెండవది. అతని జీవితమెట్టిది? చెట్టును దాని ఫలమువలన తెలిసికొనవలెనని మన ప్రభువు నేర్పెను. బబులోనులోని ఆ ఇద్దరు ప్రవక్తల ఇంటి సంగతి చూచినయెడల వారి మాట సంగతియు తెలిసియుండెడిది.

మూడవది. ఆ మాటవలన లాభమెవరికి, నష్టమెవరికి? యిర్మీయా తన మాటకు తానే వెల చెల్లించెను. తన మాటకు మనచేత వెల చెల్లింపజేయువానిని గూర్చి జాగ్రత్తపడుడి.

నాలుగవది. అతడు కనిపెట్టగలడా? ఇప్పుడే నమ్ముము, ఇప్పుడే ఇమ్ము, అడుగవద్దు అని తొందరపెట్టువాడు పరీక్షకు భయపడుచున్నాడు. ప్రవక్తలు పలుకగా తక్కినవారు వివేచింపవలెనని పౌలు కొరింథు సంఘమునకు వ్రాసెను. థెస్సలొనీక సంఘమునకు, ప్రవచనములను తృణీకరింపకయే సమస్తమును పరీక్షించుమని వ్రాసెను. పరీక్షించుట అవిశ్వాసము కాదు. బైబిలు తెరచి చూచుట, సంఘపెద్దలను అడుగుట, కొంతకాలము ఆగుట దేవునికి కోపము పుట్టించు పనులు కావు.

అయిదవది అన్నిటికంటె కష్టమైనది. నా మనస్సు ఏమి వినగోరుచున్నది? హనన్యా జనులకు క్రొత్త మాట ఏదియు ఇయ్యలేదు. వారి కోరికనే తీసికొని, దానిమీద దేవుని పేరు వేసి, తిరిగి వారికిచ్చెను. అందుకే అది అంత తీపిగానుండెను. రోగియైన బిడ్డ, తీరని అప్పు, కలుగని సంతానము, ఇట్టివి ఉన్నచోట మన కోరికయే అబద్ధ ప్రవక్తకు ముందుగా తలుపు తీయును. యిర్మీయాకును ఆ కోరికయే యుండెను. అతడు దానిని దాచలేదు, ప్రార్థనగా పలికెను. అయితే దానిని దేవుని మాట అని పిలువలేదు. మన బిడ్డ స్వస్థపడవలెనని ప్రార్థింతము, ఆమేన్ అందము. ఫలాని దినమున స్వస్థపడునని, దానికి ఇంత ఇయ్యవలెనని ఎవడైనను చెప్పినప్పుడు మాత్రము యిర్మీయావలె దూరముగా వెళ్లి, దేవునియెదుట కనిపెట్టుదము. మందు మానవద్దు.

ఇదివరకే ఇట్టి మాట నమ్మి గొడ్డును, పొలమును పోగొట్టుకొని, సిగ్గుపడి ఆరాధనకు రాక నిలిచిపోయినవారు మన సంఘములలో ఉండవచ్చును. వారిని ఎగతాళి చేయవద్దు. యిర్మీయా చెరలోనివారికి ఉత్తరము వ్రాసినప్పుడు, అబద్ధము నమ్మినవారని వారిని త్రోసివేయలేదు. ఇల్లు కట్టుకొనుడి, విత్తనము వేయుడి, దేవుడు మిమ్మును మరువలేదు అని చెప్పెను. ఈ నెలలో అట్టివారి ఇంటికి ఒకసారి పోవుదము. వారి ప్రక్కను కూర్చుండి యిర్మీయా 29వ అధ్యాయము కలిసి చదువుదము.

యేసుప్రభువును చూచి కొందరు ఈయన యిర్మీయా అనుకొనిరి. ఆయనయు యెరూషలేమును చూచి ఏడ్చెను. నిజమైన ప్రవక్తలందరికిని ప్రభువైన ఆయన మనకు వివేచన ననుగ్రహించును గాక. ఆమేన్.